పాండాలు జత కట్టడం, పిల్లల్ని పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాండాల మాట ఎత్తితే చాలు, "వాటికి పిల్లల్ని కనడమే చేతకాదట కదా" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడి నుంచి మాట హంసల మీదికి, పెంగ్విన్ల మీదికి, "మనుషుల కంటే జంతువులే నయం" అన్నదాకా వెళ్తుంది. ఆ ప్రశ్నలన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. సగానికి పైగా పాండాలవే.

పాండాలు జీవితాంతం ఒకే జతతో ఉంటాయా?

ఉండవు. జీవితాంతం సంగతి అటుంచండి, వారం రోజులు కూడా కలిసి ఉండవు. పాండా ఒంటరి జంతువు. చైనాలోని సిచువాన్, షాన్‌షీ, గాన్సూ ప్రావిన్సుల కొండల్లో, వెదురు అడవుల్లో దేని తావు దానిదే. వసంతంలో ఆడది ఎదకు వచ్చినప్పుడు మగవి దగ్గర చేరతాయి, జత కడతాయి, వెళ్లిపోతాయి. ఒకే సీజన్లో ఆడది ఒకటికి మించిన మగవాటితో జత కట్టడం కూడా మామూలే.

ఫొటోల్లో పక్కపక్కనే కూర్చుని వెదురు నములుతున్న రెండు పాండాలను చూసి ఆలుమగలు అనుకోకండి. అవి చాలావరకు తల్లీబిడ్డలో, ఒకే చోట పెరుగుతున్న ఒక ఈడు పిల్లలో అయి ఉంటాయి.

ఏడాదికి ఒక్కసారే ఎదకు వస్తాయన్నది నిజమేనా?

నిజమే. మార్చి నుంచి మే లోపు ఒక్కసారి. అందులోనూ చూలు నిలిచే అవకాశం ఉండేది ఒకటి నుంచి మూడు రోజులే. వినడానికి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది గానీ అడవిలో బతికే పాండాకు ఇంతకంటే అక్కర్లేదు. పిల్లను పెంచడానికే దానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అంటే సుమారుగా రెండేళ్లకు ఒక పిల్ల. ప్రతి నెలా ఎదకు వచ్చి చేసేదేమీ లేదు. ఆ రెండు మూడు రోజుల్లో మగది అందుబాటులో ఉండాలి, అంతే.

విడివిడిగా బతికేవి ఆ రెండు రోజుల్లో ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయి?

వాసనతో. పాండాల తోక కింద ఉండే గ్రంథి నుంచి జిగురులాంటి పదార్థం వస్తుంది. దాన్ని చెట్ల మొదళ్లకు, బండలకు రుద్దుతాయి, మూత్రంతో కూడా గుర్తులు పెడతాయి. ఆ మరకను వాసన చూసిన పాండాకు పెట్టింది ఆడదో మగదో, ఎదలో ఉందో లేదో తెలిసిపోతుంది. మగవాటిలో కొన్ని ముందు కాళ్ల మీద తలకిందులుగా నిలబడి, వెనక కాళ్లు చెట్టుకు ఆనించి, వీలైనంత ఎత్తున మూత్రం పోస్తాయి. గుర్తు ఎంత ఎత్తులో ఉంటే పెట్టినవాడు అంత పెద్దవాడన్నమాట! వంద కిలోల జంతువు ఈ విన్యాసం చేయడం చూస్తే నవ్వు ఆగదు.

దగ్గరికి వచ్చాక పిలుపులు మొదలవుతాయి. మేకపిల్ల అరిచినట్టుండే సన్నని అరుపు స్నేహానికి గుర్తు. మొరగడం, గుర్రుమనడం "దగ్గరికి రాకు" అనడానికి. ఆడది ఒక్కోసారి చెట్టెక్కి కూర్చుంటుంది, కింద మగవి కొట్లాడుకుంటాయి.

మరి పాండాలకు జత కట్టడమే చేతకాదన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది?

జూల నుంచి వచ్చింది. అడవిలో లక్షల ఏళ్లుగా పిల్లల్ని కంటూ వచ్చిన జంతువును నాలుగు గోడల మధ్య పెట్టి, దానికి తోడుగా మనం ఎంచిన ఒకే ఒక్క మగదాన్ని తెచ్చి వదిలి, ఏమీ జరగకపోతే తప్పు పాండా మీద వేశాం.

లండన్ జూలోని చీచీ కథ అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. 1966లో దాన్ని విమానంలో మాస్కోకు తీసుకెళ్లి అక్కడి ఆన్ ఆన్‌తో కలిపారు. పని కాలేదు. 1968లో ఆన్ ఆన్‌నే లండన్‌కు రప్పించారు. అప్పుడూ అంతే. చీచీ చిన్నప్పటి నుంచి మనుషుల మధ్య పెరిగింది, మరో పాండాతో ఎలా మెలగాలో దానికి నేర్పిన పాండా లేదు. 1972లో చైనా అమెరికాకు కానుకగా ఇచ్చిన లింగ్ లింగ్, సింగ్ సింగ్ జంటకు వాషింగ్టన్‌లో ఐదు పిల్లలు పుట్టాయి. ఒక్కటీ కొద్ది రోజులకు మించి బతకలేదు.

తర్వాత మారింది పాండాలు కాదు, మనుషుల పద్ధతి. ఎద ఎప్పుడు వస్తుందో మూత్రంలోని హార్మోన్లు చూసి చెప్పడం నేర్చుకున్నారు. సీజన్‌కు ముందే ఆడదాని ఆవరణలోకి మగదాన్ని, మగదాని చోటికి ఆడదాన్ని మార్చి ఒకదాని వాసన మరోదానికి అలవాటు చేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఇష్టాయిష్టాలు చూడటం. చైనా సంతానోత్పత్తి కేంద్రంలో చేసిన పరిశీలన ఒకటి 2015లో ప్రచురితమైంది. రెండూ ఒకదానిపై ఒకటి ఆసక్తి చూపిన జంటలకు పిల్లలు కలిగే అవకాశం చాలా ఎక్కువగా ఉందని, ఏ ఒక్కదానికి ఇష్టం లేకపోయినా బాగా పడిపోయిందని అందులో తేలింది. జన్యుపట్టిక చూసి కుదిర్చిన సంబంధాలు పాండాలకు నచ్చవలసిన అవసరం లేదు కదా.

హాంకాంగ్ ఓషన్ పార్క్‌లో యింగ్ యింగ్, లె లె అనే జంట ఏళ్ల తరబడి ప్రయత్నించినా కలవలేదు. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వల్ల పార్కు మూసి ఉన్నప్పుడు, వాటంతట అవే జత కట్టాయి. సందర్శకులు లేకపోవడమే కారణమని ప్రపంచమంతా చెప్పుకుంది. అది కారణమో కాదో గానీ ఆ ఏడాది పిల్లలు కలగలేదు. 2024 ఆగస్టులో, పందొమ్మిదేళ్లు నిండడానికి ఒక రోజు ముందు, యింగ్ యింగ్ కవలల్ని కన్నది. తొలిచూలు పాండాల్లో అంత వయసుది అంతకుముందు నమోదు కాలేదు.

కృత్రిమ గర్భధారణ ఎప్పటి నుంచి ఉంది?

మనుషుల సంరక్షణలో తొలి పాండా పిల్ల 1963లో బీజింగ్ జూలో పుట్టింది. కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల 1978లో, అదే జూలో. ఇప్పుడు సంరక్షణలో ఉన్న పాండాలు ఏడు వందలు దాటాయి. అడవిలో 1,864 ఉన్నట్టు చైనా నాలుగో జాతీయ గణనలో లెక్క తేలింది. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పాండాను "అంతరించే ప్రమాదంలో ఉన్నవి" అన్న జాబితా నుంచి ఒక మెట్టు దించింది.

పాండా ఎన్ని నెలలు మోస్తుంది?

మూడు నెలలకూ కనవచ్చు, ఐదు నెలలు దాటాకా కనవచ్చు. ఇంత తేడా ఎందుకంటే, ఫలదీకరణ జరిగిన పిండం వెంటనే గర్భాశయానికి అంటుకోదు. ఎదుగుదల ఆపేసి కొన్ని వారాలో నెలలో తేలుతూ ఉంటుంది. అంటుకున్నాక మిగిలిన కొద్ది వారాల్లోనే పిల్ల ఎదగాలి. ఎలుగుబంట్లలో చాలా జాతులది ఇదే పద్ధతి.

దీనికి తోడు ఉత్తుత్తి చూలు ఒకటి. పిండం లేకపోయినా హార్మోన్లు అచ్చం చూలులో ఉన్నట్టే పెరుగుతాయి. పాండా తిండి తగ్గిస్తుంది, గూడు సర్దుకుంటుంది, మగతగా పడుకుంటుంది. చివరి రోజుల్లో స్కానింగ్‌లో పిండం కనబడితే తప్ప పశువైద్యులు కూడా గట్టిగా చెప్పలేరు. అందుకే జూలు "పాండా తల్లి కాబోతోంది" అని ముందే ప్రకటించడానికి జంకుతాయి.

పుట్టిన పిల్ల అంత చిన్నగా ఉంటుందేం?

సుమారు వంద గ్రాములు, తల్లి బరువులో దాదాపు తొమ్మిది వందల్లో ఒక వంతు. కంగారూ లాంటి సంచి జంతువులను పక్కన పెడితే క్షీరదాల్లో ఇంత తేడా ఇంకెక్కడా దాదాపుగా కనిపించదు. పైన చెప్పినట్టు కడుపులో ఎదగడానికి దొరికే సమయం తక్కువ. ఎలుగుబంట్ల పిల్లలన్నీ తల్లితో పోలిస్తే చిన్నవే, పాండాది మరీ చిన్నది. గులాబీ రంగు చర్మం, మూసుకుపోయిన కళ్లు, ఒళ్లంతా సన్నని తెల్లటి నూగు. నలుపు ఎక్కడా ఉండదు. వారం పది రోజులకు చెవుల దగ్గర, కళ్ల చుట్టూ చర్మం నల్లబడటం మొదలై నెల తిరిగేసరికి మనకు తెలిసిన పాండా రూపు వస్తుంది.

తల్లి దాన్ని ఎలా పెంచుతుంది?

పాండాను "సోమరి" అనేవాళ్లు మొదటి వారం తల్లి పాండాను చూడాలి. చెట్టు తొర్రలోనో రాతి గుహలోనో కంటుంది. పుట్టిన పిల్ల తన ఒంటి వెచ్చదనాన్ని తాను కాపాడుకోలేదు. అందుకని తల్లి దాన్ని నోటితో సుతారంగా ఎత్తి, అరచేతిలోకి తీసుకుని, రొమ్ముకు అదిమి పెట్టుకుని కూర్చుంటుంది. కూర్చున్నచోటే నిద్ర. మొదటి కొన్ని రోజులు తిండికీ నీళ్లకూ కూడా బయటికి వెళ్లదు. పిల్ల గొంతు దాని ఒంటితో పోలిస్తే చాలా పెద్దది, కీచుమని అరిస్తే తల్లి వెంటనే సర్ది పట్టుకుంటుంది, నాకుతుంది, చన్ను అందిస్తుంది. మలమూత్రాలు కూడా పిల్ల తనంతట తాను విసర్జించలేదు. తల్లి వెనకవైపు నాకి చేయించాలి.

కళ్లు తెరవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మూడు నెలలకు తడబడుతూ నడక. అర్ధ సంవత్సరం వచ్చేసరికి చెట్లెక్కుతుంది, వెదురు కొరికి చూస్తుంది. పాలు మాత్రం ఏడాది దాటినా తాగుతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య తల్లి మళ్లీ ఎదకు వచ్చే వేళకు విడిపోతుంది.

ఇక్కడ ఒక్క సంగతి. పిల్ల కాస్త పెద్దదయ్యాక తల్లి దాన్ని చెట్టు మీదో గుహలోనో వదిలి వెదురు మేయడానికి వెళ్తుంది, గంటల తరబడి తిరిగి రాదు. వెదురులో సారం తక్కువ కాబట్టి రోజులో సగం తినడానికే పోతుంది. ఒంటరిగా కనబడిన పిల్లను "తల్లి వదిలేసింది" అనుకుని మోసుకొచ్చేయడం మేలు చేసినట్టు కాదు.

కవలలు పుడితే ఒకదాన్ని వదిలేస్తుందట. అంత కఠినమా?

వదిలేస్తుంది. కాన్పుల్లో దాదాపు సగం కవలలే, అడవిలో మాత్రం సాధారణంగా ఒకటే బతుకుతుంది. రెండింటికి చాలినన్ని పాలు వెదురు తిని ఇవ్వడం, రెండింటినీ ఒకేసారి గుండెకు అదిమి పెట్టుకోవడం తల్లి వల్ల అయ్యే పని కాదు. అందుకని బలంగా ఉన్నదాన్ని ఎత్తుకుంటుంది. దీన్ని కాఠిన్యం అనడం మాకు ఇష్టం లేదు. రెండూ పోకుండా ఒకటి మిగలడానికి ఉన్న దారి అదొక్కటే.

చైనాలోని సంరక్షకులు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. ఒక పిల్ల తల్లి దగ్గర ఉంటే రెండోది ఇంక్యుబేటర్లో ఉంటుంది. కొన్ని గంటలకోసారి తల్లికి తేనె నీళ్ల గిన్నె అందిస్తారు. అది తాగుతూ ఉండగా ఒళ్లోని పిల్లను తీసుకుని రెండోదాన్ని పెట్టేస్తారు. తల్లి దృష్టిలో తనకున్నది ఒకే బిడ్డ. రెండింటికీ తల్లి పాలు, తల్లి స్పర్శ అందుతాయి. తర్వాత ఈ పద్ధతి ఇతర దేశాల జూలకూ వెళ్లింది, అట్లాంటా జూలో 2013లో పుట్టిన కవలల్ని ఇలాగే బతికించారు.

తండ్రి ఏం చేస్తాడు?

ఏమీ చేయడు. తనకు పిల్ల పుట్టిందని కూడా తెలియదు.

కొందరు పాండా వేషం వేసుకుని పిల్లల దగ్గరికి వెళ్తారు కదా, అదేమిటి?

సిచువాన్‌లోని వొలాంగ్ పాండా సంరక్షణ కేంద్రంలో, అడవిలోకి వదలాలనుకున్న పిల్లల కోసం చేసే ఏర్పాటు అది. మనిషి ముఖం, మనిషి వాసన అలవాటైన పాండా అడవిలో బతకలేదు. అందుకని సంరక్షకులు నలుపు తెలుపు వేషం తొడుక్కుని, దానికి పాండా మూత్రం పూసుకుని వెళ్తారు. 2006లో వదిలిన సియాంగ్ సియాంగ్ మరుసటి ఏడే చనిపోయింది. అది మనుషుల మధ్య పెరిగిన పాండా. ఆ తర్వాత పద్ధతి మార్చి, అడవిలాంటి ఆవరణలో తల్లే పెంచిన తావో తావోను 2012లో వదిలారు. చెట్టెక్కడం, ప్రమాదాన్ని పసిగట్టడం మనుషులు నేర్పలేకపోయారు, తల్లి నేర్పింది.

ఎర్ర పాండాలదీ ఇదే తంతా?

కాదు. ఎర్ర పాండా అసలు ఎలుగుబంటి జాతే కాదు. ఒకటి నుంచి నాలుగు పిల్లల్ని కంటుంది, కళ్లు పద్దెనిమిది రోజులకే తెరుచుకుంటాయి, తల్లి వాటిని నోట కరచుకుని గూళ్లు మారుస్తూ ఉంటుంది. తండ్రి విషయం మాత్రం అక్కడా అంతే.

అయితే జీవితాంతం జతగా ఉండే జంతువులు ఏవి?

పక్షుల్లో వెతకండి. పది జాతుల్లో తొమ్మిది కనీసం ఒక సీజన్ పాటు జంటగా పిల్లల్ని పెంచుతాయి. క్షీరదాల్లో పదింటిలో ఒకటి కూడా ఉండదు. కారణం కష్టమైనదేమీ కాదు. గుడ్డును ఎవరైనా పొదగవచ్చు, పురుగును ఎవరైనా తెచ్చి పెట్టవచ్చు. చన్ను మాత్రం తల్లికే ఉంటుంది. పెంపకానికి ఇద్దరూ తప్పనిసరి అయినచోట జంట నిలుస్తుంది, ఒకరితో సరిపోయినచోట రెండోది వెళ్లిపోతుంది. పాండా ఆ రెండో దారిలోది.

ఆల్బట్రాస్ పక్షులకు ఏడాదికి లేదా రెండేళ్లకు ఒకే పిల్ల. ఒకటి గూట్లో ఉంటే మరొకటి వేల కిలోమీటర్లు సముద్రం మీద తిరిగి ఆహారం తేవాలి. ఇలాంటి పనికి కొత్త జోడీ కంటే పాత జోడీయే మేలు. మిడ్‌వే దీవిలో 1956లో కాలికి గుర్తు తొడిగిన విజ్‌డమ్ అనే ఆడ ఆల్బట్రాస్ ఏళ్ల తరబడి ఒకే మగదానితో గూడు పెట్టింది. ఆ మగది కొన్నేళ్లు తిరిగి రాకపోయేసరికి విజ్‌డమ్ 2024లో, డెబ్బై దాటిన వయసులో, కొత్త జతతో గుడ్డు పెట్టింది. జీవితాంతం జత అంటే ఉన్నంతకాలం జత అనే అర్థం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జంటగా పెంచినంత మాత్రాన గూట్లోని పిల్లలన్నీ ఆ మగదానివే కానక్కర్లేదు. జన్యు పరీక్షలు వచ్చాక చాలా పక్షి జాతుల్లో ఈ గుట్టు బయటపడింది.

ఈ అనుబంధం ప్రేమేనా, హార్మోనా?

ప్రెయిరీ వోల్ అనే చిన్న ఎలుక జాతి జీవి మీద జరిగినన్ని ప్రయోగాలు దీనిపై మరే జంతువు మీదా జరగలేదేమో. అది జీవితకాలం జత నిలుపుకుంటుంది, దగ్గరి బంధువైన మౌంటేన్ వోల్ నిలుపుకోదు. తేడా ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లను మెదడు అందుకునే తీరులో ఉందని తేలింది. కథ అక్కడితో ముగిసిందనుకున్నారు. 2023లో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకాలే లేకుండా పుట్టించిన ప్రెయిరీ వోల్‌లు కూడా జతను నిలుపుకున్నాయి, పిల్లల్ని పెంచాయి. "ప్రేమ హార్మోన్" అన్న పేరు పత్రికలకు బాగుంటుంది గానీ ఒక్క రసాయనంతో తేలే వ్యవహారం కాదిది.

తండ్రులే పెంచే జంతువులు ఉన్నాయా?

బోలెడు. ఎంపరర్ పెంగ్విన్ ఆడది గుడ్డు పెట్టి సముద్రానికి వెళ్తుంది. అంటార్కిటికా చలికాలంలో మగది ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని సుమారు 65 రోజులు నిలబడుతుంది. జత కట్టే రోజులతో కలిపితే దాని ఉపవాసం దాదాపు నాలుగు నెలలు. ఇంత చేసే పెంగ్విన్లు మరుసటి ఏడు చాలావరకు జతను మార్చేస్తాయి, ఎందుకంటే నిరుటి జోడీ కోసం ఎదురుచూసేంత వ్యవధి ఆ చలిలో ఉండదు. పెళ్లి శుభలేఖల మీద పెంగ్విన్లు వేయించుకునేవాళ్లకు ఈ మాట చెప్పకండి.

సముద్ర గుర్రాల్లో గుడ్లను పొట్టసంచిలో మోసి కనేది మగదే. మార్మోసెట్ కోతుల్లో కవలలు మామూలు, వాటిని వీపున మోసేది ఎక్కువగా తండ్రీ, అన్నలూ అక్కలూ. తల్లి పాలివ్వడానికి తీసుకుని మళ్లీ అప్పగిస్తుంది. జకానా నీటి పక్షుల్లో ఆడది ఒక మగదానికి గుడ్లు పెట్టి ఇచ్చి మరొకదాని దగ్గరికి వెళ్తుంది.

పిల్లల్ని చంపే జంతువులు కూడా ఉన్నాయంటారు?

ఉన్నాయి. సింహాల్లో, కొండముచ్చుల్లో కొత్తగా గుంపును గెలుచుకున్న మగవి పాత మగవాటి పిల్లల్ని చంపుతాయి. పాలిచ్చే తల్లి ఎదకు రాదు, పిల్ల పోతే త్వరగా వస్తుంది. ఇది ఎవరికీ నచ్చే సమాధానం కాదు. దీని నుంచి కాపాడుకోవడానికే కొన్ని జాతుల్లో మగది జతను అంటిపెట్టుకుని ఉండటం మొదలైందని కొందరు శాస్త్రవేత్తల వాదన, కాదనేవాళ్లూ ఉన్నారు.

గుడ్లు పెట్టే జంతువుల్లో తల్లి ప్రేమ ఉండదా?

కాలిఫోర్నియా తీరాన సముద్రం అడుగున ఉన్న మాంటెరే లోయలో, సముద్ర మట్టానికి దాదాపు 1,400 మీటర్ల లోతున, ఒక ఆడ ఆక్టోపస్ 2007లో రాతికి గుడ్లు అంటించి కూర్చుంది. పరిశోధకులు వెళ్లినప్పుడల్లా అదే రాయి మీద, అదే చోట ఉంది. కళ్లు మసకబారాయి, ఒళ్లు పాలిపోయింది. పక్కనుంచి పీతలు పోతున్నా పట్టలేదు. 53 నెలలు అలాగే ఉంది. 2011లో గుడ్లు పగిలి ఖాళీ తొక్కలు మిగిలాయి, తల్లి లేదు.

మొసలి పిల్లలు గుడ్డులో నుంచి కూస్తాయి. అది విని తల్లి ఇసుక తవ్వి, పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీటికి చేరుస్తుంది. అదే నోరు మరి.

జత పోయినా, పిల్ల పోయినా అవి దుఃఖిస్తాయా?

2018లో పసిఫిక్ తీరంలో జె35 అనే ఓర్కా తిమింగలం చనిపోయిన తన పిల్లను ముక్కు మీద మోస్తూ 17 రోజులు ఈదింది. దానికి పుట్టిన మరో పిల్ల పోయినప్పుడు 2025 జనవరిలో మళ్లీ అదే చేసింది. సిడ్నీ అక్వేరియంలో స్ఫెన్, మ్యాజిక్ అనే రెండు మగ జెంటూ పెంగ్విన్లు జంటగా ఉండి, ఇచ్చిన గుడ్లను పొదిగి పిల్లల్ని పెంచాయి. 2024లో స్ఫెన్ పోయాక మ్యాజిక్‌ను దాని దగ్గరికి తీసుకెళ్తే అది గొంతెత్తి పిలిచింది, మిగతా పెంగ్విన్లు అందుకున్నాయి. లోపల ఏముందో కొలిచే పరికరం లేదు. మా మట్టుకు మేము దుఃఖం అనడానికి వెనకాడం.

నేల మీద పడిన పక్షిపిల్లను ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందా?

వదలదు. మనిషి వాసన తగిలితే వెలివేస్తుందన్నది పిల్లలు గూళ్ల జోలికి పోకుండా పెద్దలు చెప్పిన మాట. ఈకలు రాని పిల్ల అయితే, గూడు అందే ఎత్తులో ఉంటే, తిరిగి పెట్టేయండి. ఈకలు వచ్చి గెంతుతూ ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేత తెస్తుంటాయి. పిల్లినో కుక్కనో దూరంగా తోలి మీరూ పక్కకు తప్పుకోండి. మీరు నిలబడి చూస్తున్నంతసేపు అవి కిందికి దిగవు.